గొంతు మీద ఎరుపు, వీపు మీద రాగి

జూలై 12, శనివారం

పొద్దున ఆరున్నరకే సబ్బునీళ్ళ డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. న్యూజెర్సీలో జూలై వచ్చిందంటే నాకు రోజూ ఇదే పని. గోంగూర ఆకులు ఈనెలు తప్ప ఏమీ మిగలకుండా జల్లెడలైపోయాయి. అంతా జపనీస్ బీటిల్స్ అనే పెంకుపురుగుల చలవే. పొద్దున చల్లదనానికి మత్తుగా ఉంటాయి, ఆకు కింద డబ్బా పెట్టి తడితే టపటపా రాలిపోతాయి. ఎండెక్కితే ఇక దొరకవు.

అంతలో పిట్టలకి చక్కెర నీళ్ళు పెట్టే ఫీడర్ దగ్గర ఝుమ్మని చప్పుడు. మగ రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్. మూడు గ్రాముల పిట్ట. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది, ఇది సెకనుకి యాభైసార్లకు పైగా రెక్కలాడిస్తూ గాల్లోనే నిలబడి తాగుతుంది. నీడలో గొంతు నల్లగానే ఉంది. ఇటు తిరిగి ఎండ తగలగానే నిప్పుకణికలా భగ్గుమంది. నిజానికి ఆ ఈకల్లో ఎర్ర రంగు లేదు, లోపలి పలచటి పొరల మీద వెలుతురు పడి తిరిగొచ్చే తీరే అలా కనిపిస్తుంది.

డబ్బాలోకి చూస్తే అదే మెరుపు! ఆకుపచ్చ తల, రాగి వీపు, పక్కలకి తెల్లటి కుచ్చులు. ఈ రంగూ పెంకులోని పొరలు చేసేదే. ఇన్నేళ్ళుగా ఒకదానికి చక్కెర నీళ్ళు పోస్తూ, ఇంకొకదాన్ని సరిగ్గా చూడను కూడా చూడలేదు.

పిట్ట ఇక్కడిదే. చలికాలం మెక్సికో, మధ్య అమెరికాలకు పోతుంది. చాలా పిట్టలు మెక్సికో అఖాతాన్ని, 800 కిలోమీటర్లు, ఎక్కడా వాలకుండా దాటేస్తాయి. పురుగు జపాన్‌ది. అమెరికాలో మొదట బయటపడింది మా రాష్ట్రంలోనే, 1916లో, రివర్టన్ దగ్గర నర్సరీలో. దీన్ని అదుపులో పెట్టే శత్రువులు జపాన్‌లో ఉండిపోయాయి. దాని పిల్లపురుగులకు గడ్డివేళ్ళు కావాలి, ఇక్కడ ఇంటికో లాన్.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "మన బంగారు పురుగులా ఉందే! దీన్ని చంపుతున్నావా?" అంది. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునేదాన్ని చిన్నప్పుడు. అది చచ్చిపోయిన రోజు అన్నం తినలేదు.

పాప లేచాక చూస్తుందని ఒకదాన్ని సీసాలో వేసి, మూతకి చిల్లులు పెట్టి, చిల్లులు పడ్డ గోంగూర ఆకే ఒకటి అందులో పెట్టాను. మిగతావి సబ్బునీళ్ళలోనే. తర్వాత ఫీడర్ కడిగి, కప్పు చక్కెరకి నాలుగు కప్పుల నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టాను.