కాలు తియ్యడం నేర్చుకున్న రోజు

కొండల్లో లోతైన మంచులో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ అందే బండి, ఎందుకు ఇరుక్కుంటుందో నాకు మూడు శీతాకాలాలు తిరిగాక గానీ సరిగ్గా అర్థం కాలేదు. అప్పటిదాకా ఇంజిన్‌కి పవర్ చాల్లేదనో, టైర్లు మంచివి కాదనో అనుకునేవాణ్ణి. తేడా అంతా యాక్సిలరేటర్ మీద కాలు ఎప్పుడు తీస్తామన్న దాంట్లోనే ఉంది.

మోకాలి లోతు మంచులో వెళ్తూ వెళ్తూ బండి ఉన్నట్టుండి బరువెక్కినట్టవుతుంది, స్పీడు పడిపోతుంది, అప్పుడు ఎవరికైనా ఇంకాస్త తొక్కాలనే అనిపిస్తుంది. తొక్కారో, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి కింద మంచుని తవ్వేస్తాయి, ఆ రాపిడికి కాస్త కరిగిన మంచు వెంటనే మళ్లీ గడ్డకడుతుంది. దిగి చూస్తే టైరు కింద గుంట అద్దంలా మెరుస్తుంటుంది, బూటు పెడితే జర్రున జారుతుంది. ఈలోపు బండి కడుపు మంచు మీద కూర్చుంటుంది. బరువంతా ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీదా యాక్సిల్ (ఇరుసు) మీదా పడ్డాక నాలుగు చక్రాలూ తిరిగినా వాటికి పట్టు దొరకదు.

నేను ఇలా ఇరుక్కున్న రోజు, నా ముందు వెళ్తున్న బండిలోని పెద్దాయన రేడియోలో ఒకటే అరుపు, "కాలు తియ్యి తమ్ముడూ, ముందు కాలు తియ్యి!" అని. నేను తియ్యలేదు. ఆ తర్వాత గంటన్నర సేపు బోర్లా పడుకుని డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా) కింద మంచుని పారతో లాగుతూనే ఉన్నాను, గ్లవ్స్ తడిసి వేళ్లు మొద్దుబారిపోయాయి.

బండి బయటపడ్డాక ఆయన పక్కన కూర్చుని నేర్పించారు. స్పీడు పడిపోతోందని తెలియగానే, చక్రం ఉత్తినే తిరగకముందే ఆగిపోవాలి. స్టీరింగ్ కదపకుండా వచ్చిన జాడలోనే రెండు మూడు బండ్ల పొడవు వెనక్కి రావాలి, మళ్లీ అదే జాడలో ఊపు తీసుకుని ముందుకెళ్లాలి. ఒక్కోసారి ఒక్క బారెడు దారే దొరుకుతుంది, అయినా అది నలిగి గట్టిపడిన దారి. లో రేంజ్‌లో, అంటే బండి నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేర్లలో, రెండో గేరు వేసుకుని పావుగంటలో వంద మీటర్లు అలా వెళ్లాం, నాకు అదే చాలా గొప్పగా అనిపించింది.

టైర్లలో గాలి సంగతి కూడా చెప్పాలి. రోడ్డు మీద 30, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైరుని 12, 15కి దించితే నేలకి ఆనే భాగం పొడవుగా సాగుతుంది, బండి మంచులో దిగబడటం బాగా తగ్గుతుంది. ఐస్‌లాండ్‌లో గ్లేసియర్ల మీద తిరిగేవాళ్లయితే 38 అంగుళాలూ అంతకంటే పెద్ద టైర్లూ వేసి 5 పీఎస్ఐ కంటే కిందకి కూడా దించుతారు. మామూలు రిమ్ములతో అంత సాహసం చెయ్యొద్దు, ఒక్కసారి స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి కాబట్టి బండిలో కంప్రెసర్ లేకుండా అసలు బయల్దేరొద్దు.

నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. ఇరుక్కున్నప్పుడు చలికి తట్టుకోలేక అద్దాలు మూసుకుని, హీటర్ వేసుకుని లోపల కూర్చుంటాం. వెనక సైలెన్సర్ పైపు మంచులో కూరుకుపోయి ఉంటే ఆ పొగ లోపలికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్ర వస్తోందనుకునేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. అందుకే దయచేసి పార పట్టుకోగానే ముందు ఆ పైపు చుట్టూ తవ్వండి, చక్రాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ రోజు మేం చేరాల్సిన కొండ కనుమ ఇంకా రెండొందల మీటర్లుందనగా ఎండ ఎక్కి మంచు పైపొర మెత్తబడింది, అడుగు వేస్తే తొడల దాకా దిగిపోతున్నాం. పెద్దాయన ఇంకో మాట లేకుండా బండి వెనక్కి తిప్పేశారు. తర్వాతి వారం మళ్లీ వెళ్లాం, ఈసారి తెల్లవారకముందే. రాత్రి చలికి పైపొర గట్టిగా బిగుసుకుని ఉంది, టైర్ల కింద కరకరమని చప్పుడు చేస్తూ బండిని మోసింది, పారలు కట్టిన తాడు కూడా విప్పకుండా కనుమ ఎక్కేశాం.