తోట గది మీది పాత సోలార్ ప్యానెళ్లకు కొత్త వైర్లు

కళ్యాణదుర్గం దగ్గరి మా చీనీ తోటలో ఉన్న గదికి కరెంటు లైను నేటికీ రాలేదు. 2011లో నాన్నగారు పెట్టించిన రెండు 75 వాట్ల సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలోకి వెళ్లే కరెంటును అదుపు చేసే ఒక ఛార్జ్ కంట్రోలరు, ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఇవే ఇన్నేళ్లుగా అక్కడి బల్బులకూ ఫ్యానుకూ ఆధారం. గత రెండేళ్లుగా రాత్రి పది దాటకముందే ఫ్యాను ఆగిపోతూ వచ్చింది. బ్యాటరీ మార్చాము, ఆరు నెలలు తిరగకుండానే మళ్లీ అదే పరిస్థితి. ప్యానెళ్ల పని అయిపోయిందనీ, కొత్తవి వేయించుకోవడమే మేలనీ దుకాణంవారు చెప్పారు. డబ్బు కట్టే ముందు ఒకసారి నేనే మిద్దె ఎక్కి చూశాను.

ప్యానెళ్ల అద్దాలు చెక్కుచెదరలేదు. పాడైనవి వైర్లు. ఇళ్లలో గోడల లోపల వేసే మామూలు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరును ఆనాడు ఎండలోనే, పైపు కూడా లేకుండా లాగి వదిలేశారు. పీవీసీ తొడుగుకు మెత్తదనం ఇచ్చే పదార్థాలు ఏళ్ల తరబడి ఎండకూ వేడికీ హరించుకుపోవడంతో, ఎర్ర వైరు పాలిపోయి, వేళ్లతో కొద్దిగా వంచగానే ఎండిన చింతబెరడులా పెళుసుగా విరిగి రాలింది. లోపలి రాగి పోగులు నల్లబడి ఉన్నాయి. ఒక ప్యానెల్ వెనుక, వైర్లు బిగించే జంక్షన్ బాక్సు మూత తెరిస్తే, కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు కింద పాజిటివ్ స్క్రూ అంతా పచ్చగా చిలుము పట్టి కనిపించింది.

మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే ప్యానెల్ దగ్గర 16.1 వోల్టులు, కంట్రోలరు దగ్గర 12.9 వోల్టులు ఉన్నాయి. అంటే 3.2 వోల్టులు దారిలోనే పోతున్నాయి. 12 వోల్టుల వ్యవస్థలో ఇది చిన్న నష్టం కాదు. బ్యాటరీ నిండాలంటే దాదాపు 14.4 వోల్టులు అందాలి. పైగా ప్యానెల్ వేడెక్కినకొద్దీ దాని వోల్టేజీ పడిపోతుంది కనుక, మా అనంతపురం ఎండల్లో 17.5 వోల్టుల ప్యానెల్ 15 దగ్గరికి దిగడం మామూలే. ఆ మిగిలిన కాస్త వెసులుబాటునూ సన్న వైరు మింగేస్తే బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండదు. అలా సగం ఛార్జీతోనే ఉండిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, కొత్తదైనా త్వరగా చచ్చిపోతుంది. మా రెండో బ్యాటరీ పోవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

కొత్తగా 6 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ కేబుల్ తెచ్చాను. దీని రాగి పోగులకు తగరం పూత ఉంటుంది, తొడుగు ఎండకు తట్టుకునేలా తయారవుతుంది. గది వరకు పన్నెండు మీటర్లు, పోనూ రానూ ఇరవై నాలుగు. వైరులో పోయే వోల్టులు లెక్క కట్టేటప్పుడు ఈ రెండు వైపులనూ కలపడం చాలామంది మరచిపోతారు.

ప్యానెల్‌కు స్విచ్ ఉండదు, వెలుతురు ఉన్నంతసేపూ అది కరెంటు ఇస్తూనే ఉంటుంది. అందుకే పొద్దు వాలాక, పైన మందపాటి టార్పాలిన్ కప్పి పని మొదలుపెట్టాను. ముందు కంట్రోలరు నుంచి ప్యానెల్ వైర్లు విప్పి, ఆ తర్వాతే బ్యాటరీ వైర్లు విప్పాలి. తిరిగి కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. చేతి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాను. బ్యాటరీ రెండు ధ్రువాలకూ లోహం తగిలితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. పాత అమరికలో అసలు ఫ్యూజే లేదు. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

స్క్రూలను ఉప్పు కాగితంతో రుద్ది, కేబుల్ కొసలకు లగ్గులు, అంటే స్క్రూ కింద కూర్చునే లోహపు కొసలు, గట్టిగా నొక్కి (క్రింప్ చేసి) బిగించాను. మెలిపెట్టి నల్ల టేపు చుట్టే పద్ధతిని ఆరుబయట నేను ఒప్పుకోను. రెండు వేసవులకే ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. వాన నీరు వైరు వెంట లోపలికి పారకుండా, జంక్షన్ బాక్సు ముందు కేబుల్‌ను కిందికి చిన్న వంపు తిప్పి, ఆపైన ఎక్కించాను. ఉడుతల బెడద ఉన్న గోడ వెంట మాత్రం జీఐ పైపులో నడిపించాను.

మర్నాడు మధ్యాహ్నం అదే మీటరుతో చూస్తే ప్యానెల్ దగ్గర 14.9, కంట్రోలరు దగ్గర 14.2 వోల్టులు. అంటే దారిలో పోయేది 0.7 వోల్టులే. ఆ రాత్రి నాన్నగారు తోటలోనే పడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేసి, ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉందని చెప్పారు.