సావిత్రిని చూడండి, కానీ మంచం ఎత్తు కూడా చూసుకోండి

విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో వేశ్య మధురవాణి వేషం దొరికిన అమ్మాయి ముందుగా 1955 నాటి ‘కన్యాశుల్కం’ సినిమా పెట్టుకుని సావిత్రిని చూస్తుంది. చూడాల్సిందే. విజయవాడలో నాట్యం నేర్చుకుని, నాటకాలాడి సినిమాకి వెళ్లిన మనిషి ఆవిడ. 1953లో ‘దేవదాసు’ పార్వతి, 1955లో ‘మిస్సమ్మ’, అదే ఏడు మధురవాణి. స్టేజీ తెలిసిన మనిషి కెమెరా దగ్గర చేతులెంత తగ్గించిందో, భారమంతా చూపు మీద ఎలా వేసిందో గమనించండి. కానీ ఆ చూపు మన హాల్లో మూడో వరస దాటదు. ఇక్కడ కన్ను చేసే పని మెడా భుజమూ చెయ్యాలి. ముందు తిరగాలి, తరవాత మాట. రెండూ కలిపేస్తే మాట కొట్టుకుపోతుంది.

అసలు పరీక్ష మొదటి అంకంలో మధురవాణి ఇంటి రంగం. రామప్పపంతులు మంచం కింద దూరతాడు, గిరీశమూ అక్కడికే చేరతాడు, పూటకూళ్లమ్మ చీపురుతో వస్తుంది. నులకమంచం వద్దు. మధురవాణి కూర్చోగానే కిందికి జారి లోపలివాళ్ల వీపుకి తగులుతుంది. పట్టెమంచం, కనీసం రెండడుగుల ఎత్తుది తెచ్చుకోండి. దుప్పటి ప్రేక్షకుల వైపు వేలాడకూడదు. మధురవాణి మంచం మధ్యలో కాక ఓ చివర కూర్చోవాలి, లేదంటే చీర కుచ్చిళ్లు కిందివాళ్ల మొహాలు మూసేస్తాయి. నవ్వులు సగం తగ్గాక మాట అందుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే రంగం చల్లారిపోతుంది.

కంటె, అంటే మెడలో వేసుకునే నగ, దాని సంగతి చాలామంది మర్చిపోతారు. పెళ్లికని రామప్పపంతులు దాన్ని అరువు పట్టుకెళ్లాక మధురవాణి మెడలో అది కనబడకూడదు.

ఏడంకాలూ ఒక్క రాత్రిలో కుదరవు, కత్తిరించాల్సిందే. కానీ వకీలు సౌజన్యారావు ఇంటి రంగం మీద కత్తెర పెట్టకండి, దయచేసి. చెడనివాళ్లని చెడగొట్టకూడదని తల్లి చెప్పిన మాట పట్టుకుని నిలబడే మనిషి అక్కడ కనిపిస్తుంది. అది పోతే మధురవాణి వట్టి కొంటెపిల్లగా మిగిలిపోతుంది. 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడిన నాటకానికి మనం ఆ అన్యాయం చెయ్యకూడదు.

సౌజన్యారావు ఇంటి రంగంలో మధురవాణిది మగవేషం. గొంతు బొంగురు చెయ్యక్కర్లేదు, మాట వేగం తగ్గిస్తే చాలు. జడని ముందే ముడిగా చుట్టి పిన్నులు పెట్టి ఉంచండి, పైన తలపాగా సర్దితే సరిపోతుంది. గాజులు తియ్యడానికి తెర పక్కన ఓ మనిషి సిద్ధంగా ఉండాలి.