మా అమ్మాయి మొదటి రేసింగ్ సీజను

పరదేశంలో పెరిగే పిల్లలకు ఇంట్లో మాట్లాడే బతుకొకటి, బయట బతికే బతుకొకటి అవుతుందని చాలామంది తల్లిదండ్రులు మథనపడుతుంటారు. కాలేజీలో చేరిన మా పెద్దమ్మాయి ఔత్సాహికుల మోటార్‌సైకిల్ రేసుల్లోకి దిగుతానన్నప్పుడు మా ఇంట్లో చర్చ ప్రమాదం గురించే మొదలైంది కానీ, చివరికి ఒక్క ప్రశ్న దగ్గర ఆగింది: అమ్మమ్మకు చెప్పాలా, వద్దా? పెద్దవారిని కంగారు పెట్టడం దేనికి, దాచిపెట్టండన్నారు బంధువులు. నేను ఒప్పుకోలేదు. వీడియో కాల్‌లో వారం వారం పలకరించే అమ్మమ్మ దగ్గర తనకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఎత్తకూడదని నేర్పితే, తెలుగులో మాట్లాడాలంటే సగం జీవితాన్ని పక్కన పెట్టి మాట్లాడాలని ఆ పిల్లకు మనమే నేర్పినట్టవుతుంది.

చెప్పడం పిల్ల పనే అనుకున్నాం, పిల్లే చెప్పింది. ఎదురుగా లారీలు వస్తే ఎలా అన్నది అమ్మమ్మ మొదటి ప్రశ్న. "ఎదురుగా ఏమీ రాదు అమ్మమ్మా, అందరం ఒకే వైపు వెళ్తాం. పక్కన కరెంటు స్తంభాలుండవు. పడితే ఆగేదాకా జారిపోవడానికి ఖాళీ జాగా వదులుతారు." కాసేపు ఆలోచించి, "అయితే రోడ్డు మీదకన్నా నయమేనటే?" అన్నారావిడ. నయమేనని మా అమ్మాయి అనలేదు. వేగం ఎక్కువ కాబట్టి పడటమూ ఉంటుందని, అందుకే ఒంటికి అంటిపెట్టుకునే తోలు సూటు, వెన్నెముకకు రక్షణ కవచం, ధ్రువీకరణ ఉన్న హెల్మెట్ లేకుండా ట్రాక్ మీదకు రానివ్వరని ఓపిగ్గా వివరించింది. తన తెలుగు అంత సేపు అంత ధారాళంగా సాగడం నేను అదివరకు వినలేదు.

నాలుగు వందల సీసీ లోపు బండితో మొదలుపెట్టింది. కొత్తవారికి అదే తగినదని నేనూ నమ్ముతాను. బలం తక్కువైన బండి మీద మలుపులో వేగం నిలుపుకోవడం నేర్చుకోక తప్పదు. అద్దాలు, ఇండికేటర్లు ఊడదీశారు, రేడియేటర్‌లోని కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, తీసేసి నీళ్లు పోశారు, ఎందుకంటే కూలెంట్‌లోని గ్లైకాల్ ట్రాక్ మీద ఒలికితే వెనుక వచ్చేవారి చక్రాలు జారతాయి. నూనె దించే బోల్టు తలకు సన్నని రంధ్రం చేసి, అందులోంచి స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి, బోల్టు వదులవబోతే తీగ దాన్ని బిగించే వైపే లాగేలా కట్టాలి. నాన్న టార్చి పట్టుకుంటే అమ్మాయి ఆ తీగను మెలితిప్పేది. మెలిక వదులుగా వస్తే కత్తిరించి మళ్లీ మొదటినుంచి కట్టేది. జాగ్రత్త, జాగ్రత్త అని వంద సార్లు అనే మా ఇంట్లో ఆ మాట ఒక పనిగా మారడం నాకు ఎంతో నెమ్మదినిచ్చింది.

మనవాళ్ల అలవాటు మాత్రం ఒకటి అడ్డొచ్చింది. ఎన్నో స్థానం వచ్చిందమ్మా అని అందరూ అడిగేవారు. మొదటి సీజనులో వెనుక వరుసల్లోంచి బయల్దేరి వెనుకే ముగించడం మామూలు సంగతి. చూసుకోవలసింది తన ల్యాప్ సమయాన్ని, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాన్ని. పోయిన సారికన్నా సెకను తగ్గిందని ఎగిరి గంతేసే పిల్లను ర్యాంకు అడిగి కుంగదీయకూడదని బంధువులకు నేనే నచ్చజెప్పాను.

రేసు బండి మీద వేసుకునే నంబరు విషయంలో ఇంట్లో పెద్ద సంబరం జరిగింది. ఇటలీ మోటార్‌సైకిల్ రేసర్ వాలెంటీనో రోసీకి పేరు తెచ్చిన 46 అంకె, ఆయన తండ్రి గ్రాట్సియానో రేసుల్లో వాడినదేనని తెలిశాక, అమ్మాయి తాతయ్య పాత స్కూటరు నంబరులోని చివరి రెండంకెలు అడిగి తీసుకుంది.

పడటమూ చూశాను. రెండో ల్యాపులో, టైర్లు ఇంకా పూర్తిగా వేడెక్కకముందే, మలుపు దగ్గర పసుపు జెండా ఊపారు. ఆ జెండా ప్రమాదముంది, ఎవరూ ఓవర్‌టేక్ చేయకూడదని చెబుతుంది. పడినది ఎవరో చెప్పదు. మా నంబరు రాకపోవడంతో అర్థమైంది. ముందు చక్రం పట్టు తప్పి బండి పక్కకు ఒరిగిపోగా, తను దాని వెనుకే జారుకుంటూ వెళ్లి ఆగిందట. ట్రాక్ పక్కన భద్రత చూసుకునే మార్షల్స్ పరుగెత్తుకొచ్చి కంచె అవతలికి నడిపించారు. మోచేతి దగ్గర తోలు అరిగింది, చర్మం అరగలేదు. నేలకు తగిలిన హెల్మెట్‌ను మళ్లీ వాడకుండా కొత్తది కొన్నాం. ఆ సాయంత్రం అమ్మమ్మకు ఆ సంగతీ తనే చెప్పింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, తిట్టారు, తర్వాత ఏ మలుపో చూపించమన్నారు. కాగితం మీద ట్రాక్ గీసి చూపించింది.

ఆ మార్షల్స్‌లో చాలామంది జీతం తీసుకోని వాలంటీర్లే. పిల్లను ఆపలేక, చూడలేక పిట్‌లో, అంటే బండ్లు సిద్ధం చేసుకునే చోట, కూర్చునే తల్లిదండ్రులకు నేను చెప్పేది అక్కడ చేతనైన పని ఒకటి అందుకోమనే. వచ్చే సీజనుకు మార్షల్ శిక్షణకు నేను పేరిచ్చాను.