వార్కో అత్తివో

ఇటలీలోని ఫ్లోరెన్స్ పాత ఊళ్లోకి దిగే మలుపు. ఫోన్లో మ్యాప్ ‘కుడికి తిరగండి’ అంటోంది. ఎదురుగా ఎర్ర అంచున్న తెల్ల గుండ్రటి బోర్డు, జడ్‌టీఎల్ (వాహనాల రాకపోకలపై ఆంక్షలున్న ప్రాంతం) అక్షరాలు, పక్కన వెలుగుతూ ‘వార్కో అత్తివో’.

‘వార్కో’ అంటే గేటు, ‘అత్తివో’ అంటే యాక్టివ్. యాక్టివ్ అంటే గేటు తెరిచారనుకుంటాం. తిరకాసంతా అక్కడే! పనిచేస్తున్నది కెమెరా. వెళ్లకూడదు. మధ్యలో ‘నాన్’ అని ఉంటేనే దారి.

మ్యాప్ హెచ్చరిస్తుందని నమ్ముకోవద్దు. మీ హోటల్ ఆ ప్రాంతం లోపలే ఉంటే కారు నంబరు ముందే వాళ్లకిచ్చి నమోదు చేయించుకోండి. లేదంటే ఇంటికొచ్చిన కొన్ని నెలలకి జరిమానా కాగితం. మీ వివరాలు పోలీసులకిచ్చినందుకు అద్దె కంపెనీ రుసుము అదనం (ఇది మరీ అన్యాయం).

హాయిగా ఏ1 హైవే మీంచే విల్లా కోస్తాంజా పార్కింగులోకి దిగి, కారక్కడ పెట్టి టీ1 ట్రామ్ ఎక్కేయండి.