నాయన అంగడి, ఎర్ర పెన్ను

నిద్ర పట్టడం లేదు. చిన్నోడి ఇంగ్లీషు నోట్సులో ‘మై గ్రాండ్‌ఫాదర్ రన్స్ ఎ క్లాత్ షాప్’ అని ఉంటే, వాళ్ల ఇంగ్లీషు సార్ రన్స్‌ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన ‘వర్క్స్ ఇన్’ అని రాశారు. రన్ అంటే పరుగెత్తడం, అంగడి యాడైనా పరుగెత్తుతుందా అని క్లాసులో అందరి ముందూ అన్నారట. అర మార్కు పోతే పోనీ. వర్క్స్ ఇన్ అంటే నాయన అక్కడ జీతానికి ఉన్నట్టు కాదూ!

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు అంగట్లో కింది అరలన్నీ మునిగాయి. నీళ్లు తీశాక మూటలు విప్పితే ఎర్ర చీరల రంగంతా తెల్ల పంచెలకు ఎక్కింది. ఒకటే బురద వాసన. చూడటానికి వచ్చిన ఇన్సూరెన్సు ఆయన ఒక పంచె కొస పట్టుకుని ‘కలర్స్ రన్ అయినాయి’ అన్నాడు. నాయనకు ఇంగ్లీషు రాదు. అయినా వెంటనే ‘అవును సార్, అంతా కారిపోయింది’ అన్నాడు. పంచె కళ్లముందే ఉంది మరి. ఆ తర్వాత అప్పు చేసి, సంక్రాంతికి మళ్లీ షట్టర్ ఎత్తాడు. దాన్నే రన్ చేయడం అంటారు.

సాయంత్రం చిన్నోడికి ఆ అర్థాలన్నీ నేర్పేద్దామని కూర్చోబెట్టాను. ముక్కు కారినా రన్, కుళాయి నీళ్లు పారినా రన్, ఆదోనికి బస్సు నడిచినా రన్. అమెరికాలో ఎన్నికలకు రన్ అవుతారు, బ్రిటన్‌లో మనలాగే నిలబడతారు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ సంపాదకులు క్రియగానే 645 అర్థాలు తేల్చారని చెప్పేసరికి వాడు ఆవలించాడు. జాబితాతో వచ్చే విద్య కాదిది. మన ‘పడు’ని ఎవరైనా వరుసపెట్టి నేర్పారా? జీతం పడుతుంది, వాన పడుతుంది, చూపు పడుతుంది, మాట పడతాం. వింటూ వింటూ వచ్చేశాయి అవన్నీ.

సార్‌కి కూడా బోలెడు నోట్సులు దిద్దాలి, పాపం, అనుకున్నాను కాసేపు. కానీ ఎందుకట్లా రాశావని పిల్లోణ్ణి దగ్గరికి పిలిచి అడగడానికి ఎంత సేపు పడుతుంది? అందరి చేతా నవ్వించాలా? వాడు ఈ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

రేపు బడికి పోయి మాట్లాడతాను. మార్కు ఊసే ఎత్తను. క్లాసులో అన్న ఆ మాట గురించే అడుగుతాను.