జీఆర్ఈ రీడింగ్ సాధన: చదరపు గడుల ప్రశ్నలు, చివరి ఆప్షన్

తొమ్మిదో వారం

విదేశీ విశ్వవిద్యాలయాలలో పీజీ ప్రవేశం కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు సాధన చేస్తూ ఐదు వారాలుగా దాచిన లెక్కలన్నీ ఈ ఆదివారం ఒకే పట్టికలోకి ఎక్కించి చూసుకున్నాక చాలా నిరాశ కలిగింది. ఒకే జవాబు గుర్తించవలసిన ప్రశ్నలు 88 చేస్తే 76 సరిపోయాయి. మూడు ఆప్షన్లిచ్చి సరైనవన్నీ గుర్తించమనే చదరపు గడుల ప్రశ్నలు 42 చేస్తే 25 మాత్రమే సరిపోయాయి. ప్యాసేజీలు అవే, సాధనకు కూర్చునే వేళ కూడా అదే. అయినా మొదటి రకంలో 86 శాతం వస్తుంటే రెండో రకంలో 60 శాతం దగ్గరే ఆగిపోతున్నాను. ప్రధానాంశం అడిగే ప్రశ్నలు 30కి 29, ప్యాసేజీలోని వాక్యాన్నే ఎంచుకోమనేవి 11కి 11 సరిపోయాయి కనుక వాటి గురించి ఇక రాయను.

చదరపు గడుల ప్రశ్నలో సగం మార్కు ఉండదు. రెండు సరిగ్గా గుర్తించి మూడోది వదిలేస్తే వచ్చేది సున్నాయే. ఐదు ఆప్షన్ల ప్రశ్నలో గుడ్డిగా ఒకటి గుర్తించినా ఐదింట ఒక వంతు అవకాశం ఉంటుంది; ఇక్కడ కనీసం ఒకటి సరైనదై ఉంటుంది కనుక ఏడు కూర్పులు సాధ్యం, అంటే అవకాశం ఏడింట ఒక వంతే. అందువల్ల ఒక్కో ఆప్షన్‌ను ఒక్కో తీర్పుగా విడదీసి లెక్కించాను. 42 ప్రశ్నలకు 126 తీర్పులు. అందులో 105 సరైనవి, 21 తప్పు, అంటే 83.3 శాతం. ప్రశ్న సరిపోవాలంటే మూడు తీర్పులూ సరిపోవాలి కనుక 0.833 × 0.833 × 0.833 అని హెచ్చిస్తే 57.9 శాతం వస్తుంది, 42 ప్రశ్నలలో దాదాపు 24. నాకు వచ్చినవి 25. అంటే ఈ ప్రశ్నలలో నా అవగాహన ప్రత్యేకంగా తగ్గిపోవడం లేదని, అదే అవగాహనను మూడుసార్లు వరుసగా తప్పకుండా నిలబెట్టుకోమని ప్రశ్న అడుగుతున్నదని అర్థమైంది. ఒక గంటసేపు ఇది పెద్ద ఊరటగా అనిపించింది.

ఆ 21 తప్పులు ఎక్కడెక్కడ పడ్డాయో చూసేసరికి ఊరట నిలవలేదు. మొదటి ఆప్షన్‌లో 3, రెండో దానిలో 6, మూడో దానిలో 12 తప్పులున్నాయి. లేనిదాన్ని ఉన్నదని ఒప్పుకున్న తప్పులు మొత్తం మీద 6 మాత్రమే కాగా, సరైన ఆప్షన్‌ను కాదని తోసిపుచ్చినవి 15. మూడో ఆప్షన్‌లోని 12 తప్పులలో 11 ఇలా తోసిపుచ్చినవే. ఇది యాదృచ్ఛికంగా చెదిరిన తప్పుల వరుస కాదు. నాకు మూడు అనుమానాలున్నాయి: ప్రశ్నలు తయారుచేసేవారు కష్టమైన ఆప్షన్‌ను చివర పెడుతుండవచ్చు, అప్పటికే ఒకటి దొరికిందన్న తృప్తి నా చూపును సడలిస్తుండవచ్చు, లేదా చివరి ఆప్షన్ దగ్గరికి వచ్చేసరికి ప్యాసేజీని మళ్ళీ చూడకుండా జ్ఞాపకం మీద ఆధారపడి తీర్పు ఇస్తుండవచ్చు.

పదో వారం

మొదటి అనుమానాన్ని పరీక్షించడం సులువు. కొత్త ప్రశ్నలు 18 తీసుకుని ఆప్షన్లను కింది నుంచి పైకి చదివాను. కష్టమైనది చివర ఉండడమే కారణమైతే తప్పులు మూడో ఆప్షన్‌లోనే నిలవాలి. 54 తీర్పులలో 9 తప్పులు వచ్చాయి: మూడో ఆప్షన్‌లో 1, రెండో దానిలో 2, మొదటి దానిలో 6. ఆ ఆరింటిలో ఐదు, సరైనదాన్ని తోసిపుచ్చినవి. తప్పు నాతోపాటే తిరుగుతున్నది; నేను చివర చదివేది ఏదైతే దానిలోకే చేరుతున్నది. ప్రశ్నలు 18కి 10 సరిపోయాయి కనుక తలకిందులుగా చదవడం వల్ల స్కోరు ఏమీ పెరగలేదు, కానీ కారణం ప్రశ్నపత్రంలో లేదని తేలింది. 18 ప్రశ్నలు చిన్న నమూనా అని తెలిసినా, తప్పులు అంత స్పష్టంగా స్థానం మారడం చూసినప్పుడు ఈ రెండు నెలలలో ఎన్నడూ కలగని ఉత్సాహం కలిగింది.

ఆ 18 ప్రశ్నలలోనే ఫోన్ స్టాప్‌వాచ్‌లో ల్యాప్ నొక్కుతూ కాలాన్ని కూడా విడదీశాను. ప్యాసేజీకి సగటున 58 సెకన్లు, మొదట చదివిన ఆప్షన్‌కు 31, తరువాతి దానికి 19, చివరిదానికి 8. మొత్తం 116 సెకన్లు. చూపు ప్యాసేజీ మీదికి తిరిగి వెళ్ళిన ప్రతిసారీ చిత్తుకాగితం మీద చుక్క పెట్టమని నాకు నేనే నియమం విధించుకున్నాను. 18 ప్రశ్నలలో మొదట చదివిన ఆప్షన్ కోసం 16 సార్లు, తరువాతి దాని కోసం 11 సార్లు వెనక్కి వెళ్ళాను. చివరిదాని కోసం 4 సార్లే వెళ్ళాను. ఎనిమిది సెకన్లలో ఆప్షన్‌ను చదవడమే సరిపోతుంది, పోల్చి చూడడానికి సమయమే లేదు. మూడో అనుమానమే నిజమని ఈ చుక్కలు చెప్పాయి. తృప్తి వల్ల చూపు సడలిందన్న అనుమానం కూడా ఇందులో కలిసి ఉండవచ్చు గానీ రెండింటినీ విడదీసే పరీక్ష నాకు తోచలేదు.

పదకొండో వారం

చికిత్స చాలా సాదా. ఏ ఆప్షన్‌ను ఒప్పుకున్నా తోసిపుచ్చినా, దానికి ఆధారమైన వాక్యం ప్యాసేజీలో ఎన్నవదో ముందు రాయాలి. సంఖ్య రాయకుండా తీర్పు ఇవ్వకూడదు. తెర మీది ప్యాసేజీకి పంక్తి సంఖ్యలుండవు కనుక వాక్యాలనే లెక్కించాలి. ఇలా 15 ప్రశ్నలు చేస్తే 11 సరిపోయాయి, అంటే 73 శాతం. 45 తీర్పులలో తప్పినవి ఐదే, అవి మూడు స్థానాలలోనూ 1, 2, 2గా పంచుకుని ఉన్నాయి. చివరి ఆప్షన్ దగ్గర జారడం ఆగింది.

అయితే రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది కాలం. ఇప్పుడు ప్రతి ఆప్షన్‌కూ 31 సెకన్ల చొప్పున పడుతున్నందున ప్రశ్నకు 151 సెకన్లవుతున్నది. 2023 సెప్టెంబరులో పరీక్షను కుదించినప్పటి నుంచి ఇంగ్లీషు భాషను పరీక్షించే వెర్బల్ భాగంలో మొదటి విభాగం 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. అంటే ప్రశ్నకు సుమారు 90 సెకన్లు. ఖాళీలు పూరించే ప్రశ్నలకు నాకు సగటున 52 సెకన్లు పడుతున్నాయి. మొదటి విభాగంలో అవి ఆరు ఉంటాయనుకుంటే 312 సెకన్లు పోయి, మిగిలిన ఆరు ప్యాసేజీ ప్రశ్నలకు 768 సెకన్లు, అంటే ఒక్కోదానికి 128 సెకన్లు దక్కుతాయి. ఒకే ప్యాసేజీకి రెండు మూడు ప్రశ్నలున్నప్పుడు ఆ 58 సెకన్ల పఠన సమయం పంచుకోవచ్చు కనుక ఈ పద్ధతి అంచు మీద నిలబడుతుంది. ఒక్కో ప్రశ్నే ఉన్న చిన్న ప్యాసేజీలు ఎక్కువ వస్తే నిలబడదు.

రెండో చిక్కు నన్ను మరింత ఆలోచింపజేసింది. మిగిలిన ఐదు తప్పులూ సరైనదాన్ని తోసిపుచ్చినవే, పైగా వాక్యం సంఖ్య ఐదింటిలోనూ సరిగ్గానే రాశాను. ఆధారం కళ్ళ ముందే ఉంది, అయినా లేదన్నాను. అందులో ఒకటి పక్షుల గణన గురించినది. మునుపటి సర్వేలకు భిన్నంగా ఈ సర్వే ఉష్ణమండల జాతులను కూడా లెక్కలోకి తీసుకున్నదని మూడో వాక్యం చెబుతుంది. మునుపటి సర్వేలు ఉష్ణమండల జాతులను వదిలేశాయన్నది ఆప్షన్. ఆ మాట ప్యాసేజీలో ఎక్కడా లేదని నేను దాన్ని కొట్టేశాను. నిజానికి ఇంగ్లీషు వాక్యం మొదట్లో ఉన్న 'అన్‌లైక్' అనే ఒక్క మాటలోనే ఆ ఆప్షన్ మొత్తం ఉంది. అదే ప్రశ్నలో పాత సర్వేల నిర్ధారణలు తప్పని తేలాయన్న మరో ఆప్షన్‌ను సరిగ్గానే తోసిపుచ్చాను, ఎందుకంటే లెక్కలోకి రాని జాతులున్నంత మాత్రాన నిర్ధారణ తప్పు కానక్కరలేదు.

తెలుగులో నాకు ఈ సందేహమే రాదు. ఒకరు సిగరెట్లు మానేశారని చదివితే ఒకప్పుడు ఆ అలవాటు ఉండేదని ఎవరూ చెప్పనక్కరలేదు. 'మళ్ళీ' అన్న మాట కనిపిస్తే అంతకు ముందు ఒకసారి జరిగిందని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో 'నో లాంగర్', 'స్టిల్', 'ఈవెన్', 'ఫర్ ది ఫస్ట్ టైమ్' వంటి మాటలు అదే పని చేస్తాయి, కానీ నేను వాటిని అలంకారంగా చదివి దాటిపోతున్నాను. తొమ్మిదో వారం నాటి 15 తోసిపుచ్చిన ఆప్షన్లను మళ్ళీ తెరిచి చూస్తే తొమ్మిదింటిలో ఇదే కథ. ప్యాసేజీలో చెప్పనిదాన్ని ఎన్నడూ ఒప్పుకోవద్దని మొదటి వారాల్లో నేర్చుకున్న సూత్రమే ఇందుకు మూలమని నా ఊహ. ఆ సూత్రం ఒకే జవాబు ప్రశ్నలలో నన్ను కాపాడింది, ఇక్కడ అదే అడ్డుపడుతున్నది. చెప్పకపోవడం వేరు, చెప్పిన మాటలోనే ఇమిడి ఉండడం వేరు.

సాధన సామగ్రి గురించి ఇప్పుడు నాకు గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి. చదరపు గడుల ప్రశ్నలకు, జీఆర్ఈని నిర్వహించే సంస్థ ఈటీఎస్ వారి సొంత ప్రశ్నలను మించినవి లేవు. వాటిలో తోసిపుచ్చవలసిన ఆప్షన్‌కు కారణం ఒక్క మాటలో చూపించవచ్చు. డబ్బు కట్టి తీసుకున్న ఒక ప్రైవేటు ప్రశ్నల సంపుటిలో మూడు ప్రశ్నలకు వివరణ చదివాక కూడా జవాబు ఎందుకు సరైనదో తేలలేదు, వాటిని లెక్క నుంచి తీసేశాను. ఈ రకం ప్రశ్న 2011 ఆగస్టులో సవరించిన పరీక్షతో వచ్చింది కనుక అంతకు ముందటి పాత ప్రశ్నపత్రాలలో ప్యాసేజీలు బాగున్నా ఇవి దొరకవు. బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో వెర్బల్ 45 నిమిషాలకు 23 ప్రశ్నలతో కాస్త నెమ్మదిగా నడుస్తుంది. పొడవైన ప్యాసేజీలకు దాన్ని వాడుతున్నాను గానీ అక్కడ అన్నీ ఒకే జవాబు ప్రశ్నలే. రోజూ ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలు చదవమన్న సలహా వేగానికి ఉపయోగపడింది, ఈ తప్పుకు మాత్రం ఏమాత్రం ఉపయోగపడలేదు. తీర్పు ఇవ్వకుండా ఎంత చదివినా తోసిపుచ్చే అలవాటు బయటపడదు.

వచ్చే రెండు వారాలకు పని ఇలా అనుకుంటున్నాను. ఇమిడిన అర్థాన్ని మోసే ఇంగ్లీషు మాటలను 40 వరకు ఏరి, కార్డులతో గుర్తుపెట్టుకునే యాప్ ఆంకీలో కార్డులు చేస్తాను, అయితే ఒక వైపు మాట, మరో వైపు అర్థం అన్న పద్ధతిలో కాదు. ఒక వైపు పూర్తి వాక్యం, మరో వైపు ఆ వాక్యం చెప్పకనే చెబుతున్న సంగతి ఉండాలి. పాత ప్రశ్నపత్రాల ప్యాసేజీలకు నేనే మూడేసి ఆప్షన్లు రాస్తాను. ఒకటి నేరుగా చెప్పినది, ఒకటి మాటలో ఇమిడినది, ఒకటి హద్దు దాటినది. నిన్న ప్రయత్నంగా నాలుగు ప్యాసేజీలకు రాశాను, ఒక్కోదానికి 25 నిమిషాలు పట్టింది, హద్దు దాటిన ఆప్షన్‌ను నమ్మదగినట్టు రాయడమే అన్నింటికన్నా కష్టమైంది. కాలం విషయంలో, మొదటి ఆప్షన్‌కు వాక్యం సంఖ్య రాయడం మానేసి చివరి రెండింటికే రాస్తే 151 సెకన్లు ఎంతకు దిగుతుందో 20 ప్రశ్నల మీద కొలవాలి. ఇంటి నుంచి పరీక్ష రాస్తే చిత్తుకాగితం ఉండదు, చిన్న తెల్లబోర్డు మీద గానీ పారదర్శక కవరులో పెట్టిన కాగితం మీద గానీ చెరిపే మార్కర్‌తోనే రాయాలి. అందువల్ల ఈ కొలతలన్నీ రేపటి నుంచి బోర్డు మీదనే. ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్షలు రెండూ ఇంతవరకు తెరవలేదు. మొదటిదాన్ని పదమూడో వారం చివర తెరుస్తాను.